వదిన చదవని రెండో భాగం

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఈ సంగతి మా ఇంట్లో అందరూ ఒప్పుకున్నదే, నాతో సహా. సినిమాకి వెళితే ఇంటర్వెల్లోనే చివర ఏమవుతుందో పక్కవాళ్ళకి చెప్పేస్తాను. ఎవరి పుట్టినరోజుకైనా చీర కొంటే, ఇవ్వకముందే ఫోన్ చేసి రంగు చెప్పేస్తాను. ఇలాంటి మనిషికి డిటెక్టివ్ నవలల పిచ్చి ఎందుకు పెట్టాడో ఆ దేవుడికే తెలియాలి.

రిటైరయ్యాక ఆ పిచ్చి మళ్ళీ ముదిరింది. ఇరిగేషన్ ఆఫీసులో టైపిస్టుగా చేరి, ముప్పై ఏళ్ళు అక్కడే ఫైళ్ళ మధ్య బతికి, సూపరింటెండెంటుగా బయటికొచ్చాను. ఇప్పుడు రాజమండ్రిలో ఫ్లాటు. పదకొండు గంటలకల్లా వంట అయిపోతే మిగతా రోజంతా నాదే. ఒకరోజు మెయిన్‌రోడ్డు పక్కన పాత పుస్తకాల కుప్పలో ఒక పాకెట్ నవల కనబడింది. అట్ట మీద తుపాకీ, దాని పక్కన గౌనేసుకున్న ఒక అమ్మాయి. లోపల కథలో ఆ తుపాకీ ఉండదు, ఆ అమ్మాయీ ఉండదు. చిన్నప్పుడు చదివినదే కాబట్టి ఆ విషయం నాకు తెలుసు. తెలిసే కొన్నాను.

ఇంటికొచ్చి సాయంత్రంలోపు చదివేశాను. హంతకుడెవరో తెలిసిన నవలలో ఇంకేముంటుందని అడుగుతారు కొందరు. అక్కడే ఉంది అసలు సంగతంతా! మొదటిసారి చదివినప్పుడు మనం హంతకుడి వెనక పరిగెడతాం. రెండోసారి రచయితని పట్టుకుంటాం. పేకాడేవాడి వెనక కూర్చుని, వాడి చేతిలో ముక్కలు చూస్తూ ఆట చూస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఏడో పేజీలోనే ఆధారం చూపించాడు మహానుభావుడు, కాఫీ చల్లారిపోయిందని ఒక్క ముక్క. నేను దాన్ని కాఫీ అనుకుని దాటేశాను. ఎక్కడా అబద్ధం ఆడడు, ఏదీ దాచడు, అయినా మనల్ని బుట్టలో పడేస్తాడు. నెలకొకటి చొప్పున, పసుపుపచ్చ కాగితం మీద, వంద పేజీల్లో ఇంత పనితనం చూపించిన వాళ్ళని ఆ రోజుల్లో చెత్త రాసేవాళ్ళని తిట్టేవారు. నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఈ గోల వినలేక మా మేనకోడలు నన్నొక వాట్సాప్ గ్రూపులో పడేసింది. పాత డిటెక్టివ్ నవలల అభిమానులందరూ చేరి, ఆ కథల్నే తమ పద్ధతిలో మళ్ళీ రాసుకునే గ్రూపు అది. మొదట్లో నేను మూతి విరిచాను. ఒకళ్ళు వండిన కూరలో మళ్ళీ వీళ్ళు పోపు పెట్టడమేంటి అనుకున్నాను. రెండు కథలు చదివేసరికి నా నోరు మూతపడింది. భీమవరంలో లెక్చరరట, తలుపు గడియ వేసి ఉన్న గదిలో హత్యని తీసుకెళ్ళి ఐసు ఫ్యాక్టరీలో పెట్టాడు. రొయ్యల లోడు కోసం ఐసు దిమ్మ పగలగొడితే చెయ్యి కనబడుతుంది. బాబోయ్! ఇంకొకావిడ, పాస్టరుగారి భార్యట, డిటెక్టివుని తీసేసి ఆ స్థానంలో చర్చిలో హార్మోనియం వాయించే ముసలావిడని పెట్టింది. మరొకాయన కథలో నేరస్థుడు పొద్దుటినించీ అన్నవరం కొండ మీదే ఉన్నానంటాడు. వాడు తెచ్చిన ప్రసాదం పొట్లం విప్పితే ఆకు వాడిపోయి ఉంటుంది, నిన్నటిది. అంతే, దొరికిపోయాడు. ఒకమ్మాయి అయితే కథలు గొంతుతో చెప్పి పంపిస్తుంది. డిటెక్టివు సిగరెట్ వెలిగించే చోట ఫోను దగ్గర నిజంగా అగ్గిపుల్ల గీస్తుంది. అదెంత ముచ్చటగా ఉంటుందో, ఆ శబ్దం కోసమే రెండుసార్లు విన్నాను. పాత పుస్తకాన్ని ఇంతగా ప్రేమించేవాళ్ళు ఇంతమంది ఉన్నారని తెలిసి నాకు కడుపు నిండిపోయింది.

ఆ గ్రూపులో ఒకటే రూలు. హంతకుడెవరో ముందుగా బయటపెడితే వారం రోజులు బయటికి గెంటేస్తారు. నన్ను రెండుసార్లు గెంటారు. రెండోసారి అడ్మిన్ స్వయంగా ఫోన్ చేసి, "మేడంగారూ, మీరేమీ అనుకోకండి, రూలు రూలేనండి," అన్నాడు. ఎంత మర్యాదగా గెంటాడో!

నేనూ ఒకటి రాయాలనుకున్నది మాత్రం సరదాకి కాదు. దానికి మా వదిన కారణం.

వదిన తణుకులో మా ఇంటికి కోడలుగా వచ్చేనాటికి నాకు పదహారేళ్ళు. ఆవిడ రేకుపెట్టెలో చీరల అడుగున, క్యాలెండరు కాగితాలతో అట్టలు వేసిన డిటెక్టివ్ నవలలు దొరికాయి. దొరికాయంటే నేనే వెతికాను. తిడుతుందనుకుంటే, "ఏమే, నీక్కూడా ఉందా ఈ జబ్బు?" అంది. ఆ రోజునించి మేమిద్దరం ఒకటే జట్టు. బస్టాండు దగ్గర పుస్తకాలు అద్దెకిచ్చే కొట్టుండేది. పుస్తకం ఒక్కరోజుకే ఇచ్చేవాడు. ఒక్కరోజులో ఇద్దరం చదవాలి. అందుకని వదిన పెరట్లో చేపలు తోముతుంటే నేను పక్కన పీట వేసుకుని గట్టిగా చదివేదాన్ని. చేతినిండా బూడిద, పొలుసులు. మధ్యలో తోమడం ఆపేసి, "ఆగవే. ఆ గడియారం సంగతి మళ్ళీ చదువు," అనేది. సగం పుస్తకానికల్లా హంతకుడెవరో ఆవిడకి తెలిసిపోయేది. పైకి చెప్పేది కాదు. పైటకొంగు చివర ముడి వేసి, "ముడేశాను, చివర చూద్దాం," అనేది. ఎప్పుడూ తప్పలేదు. వదిన బుర్ర పాదరసం.

ఆ అద్దె పుస్తకాలకి ఒక తెగులుండేది. ముందు చదివిన మహానుభావులు మొదటి పేజీ మీద పెన్సిలుతో 'హంతకుడు డ్రైవరే' అని రాసిపెట్టేవాళ్ళు. వాళ్ళ చేతులు పడిపోను! అందుకని వదిన నాకొక ఉద్యోగం ఇచ్చింది. పుస్తకం ఇంటికి తెస్తూ దారిలోనే మొదటి పేజీ చూసి, ఏమైనా ఉంటే రబ్బరుతో చెరిపెయ్యాలి. నాకెలాగూ తెలిసిపోతుంది, కనీసం ఆవిడకి తెలియకూడదు. నా కాలేజీ సంచిలో ఒక రబ్బరు అచ్చంగా దానికోసమే ఉండేది. ఇంట్లో నన్ను నమ్మి ఎవరైనా ఇచ్చిన మొదటి పని అదే.

అప్పుడొక నవల వచ్చింది, రెండు భాగాలు. రైసుమిల్లు యజమాని తన ఆఫీసు గదిలోనే చచ్చిపడి ఉంటాడు. గుమస్తా, డాక్టరు, కాంపౌండరు, ఒక తమ్ముడు, అందరిమీదా అనుమానమే. మొదటి భాగం చదివేశాం. రెండో భాగం కొట్టులో లేదు, ఎవరో పట్టుకెళ్ళి ఇవ్వలేదు. రెండు నెలలు ఎదురుచూశాం. వదిన అన్నం వండుతూ కూడా ఆ మిల్లు గది గురించే మాట్లాడేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను కాలేజీ ఎగ్గొట్టి మ్యాటినీకి వెళ్ళి, ఆ సంగతి వదినకొక్కదానికే చెప్పాను. మర్నాడు మా అన్నయ్యకి తెలిసిపోయింది. ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. చెప్పింది వదినేనని నేను తేల్చేశాను. ఆధారం ఏమీ లేదు. వందకి పైగా డిటెక్టివ్ నవలలు చదివినదాన్ని, ఒక్క సాక్ష్యం లేకుండా శిక్ష వేసేశాను. ఆ వారమే రెండో భాగం దొరికింది. ఇంటికొస్తూ దారిలో ఒక కొట్టు చూరు కింద నిలబడి చివరి పేజీలు చదివాను. సంచిలో రబ్బరు ఉంది. నేను పెన్ను తీశాను. పెన్సిలైతే చెరిగిపోతుంది కదా, అందుకని. మొదటి పేజీ మీద పెద్ద పెద్ద అక్షరాలతో 'కాంపౌండరే చంపాడు' అని రాసి, ఏమీ ఎరగనట్టు వదిన చేతికిచ్చాను.

చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, ఆత్రంగా తెరిచింది. చూసింది. మూసేసి కిటికీలో పెట్టింది. "చదివేశానండీ అమ్మాయిగారూ. తిరిగిచ్చేసి రండి," అంది.

మా వైపు మనిషిని దూరం పెట్టాలంటే తిట్టక్కర్లేదు. ఒక గారు తగిలిస్తే చాలు. అప్పటిదాకా ఏమే, ఒసే అని పిలిచిన మనిషి ఆ రోజునించి నన్ను అమ్మాయిగారూ అని, మీరని పిలవడం మొదలుపెట్టింది. నలభై ఏళ్ళు దాటింది. నా పురుడు ఆవిడే పోసింది. నాకు జ్వరమొస్తే తణుకునించి కారియర్ కట్టుకుని బస్సెక్కి వచ్చింది. ఏ లోటూ చెయ్యలేదు, ఆ గారు మాత్రం తియ్యలేదు. మళ్ళీ ఎన్నడూ నాతో కలిసి పుస్తకం చదవలేదు. కొన్నేళ్ళకి మా అన్నయ్యే నవ్వుతూ చెప్పాడు, పెన్ను కోసం నా నోట్సు తీస్తే సినిమా టిక్కెట్టు ముక్క రాలిందట. వదిన పాపం అసలు నోరే విప్పలేదు. ఎన్నెన్ని మాటలో జారే ఈ నోటికి, 'తప్పయిపోయింది వదినా' అన్న ఒక్క మాట మాత్రం రాలేదు. సిగ్గు. అంతకంటే ఏమీ కాదు.

పోయినేడు మేనకోడలు ఏదో మాటల్లో, "అమ్మకో అలవాటుంది అత్తా. ఏ పుస్తకమైనా మొదటి పేజీ చూడదు. కళ్ళు మూసుకుని తిప్పేసి మూడో పేజీనించి మొదలెడుతుంది. ఎందుకో అడిగితే చెప్పదు," అంది. పిల్లకి తెలియదు. నేను ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. రెండోసారి చదవడంలోనే మజా ఉందని ఊరందరికీ ఉపన్యాసాలిస్తాను కదా, అసలు మొదటిసారే లేకుండా చేశాను ఆవిడకి. అది తిరిగిచ్చే మార్గం లేదు. కాంపౌండరని తెలిశాక ఆ రెండో భాగం కొనిచ్చి ఏం లాభం?

అప్పుడు గ్రూపు గుర్తొచ్చింది. కథ అదే ఉంచి హంతకుణ్ణి మార్చేస్తే? కాంపౌండరు కాకుండా ఇంకెవరైనా అయితే, వదినకి మళ్ళీ ఏమీ తెలియదు. నలభై ఏళ్ళ కిందట కిటికీలో పెట్టేసిన చోటునించి మొదలుపెట్టి చదువుకోవచ్చు.

పాత పుస్తకాలబ్బాయి చేత రెండు భాగాలూ వెతికించి తెప్పించుకుని, ఒక లాంగ్ నోట్‌బుక్ కొని కూర్చున్నాను. మొదటి పేజీ ఖాళీగా వదిలేశాను. హంతకుడు డాక్టరు అనుకున్నాను. ఓహో, సులువే అనుకున్నాను. అప్పుడు తెలిసింది ఆ రచయిత ఎంత గట్టివాడో! కాంపౌండర్ని తప్పిద్దామని ఒక వాక్యం మారిస్తే, పది పేజీల అవతల ఇంకోటి ఊడొస్తుంది. మందుసీసా మూత సంగతి తీస్తే కుక్క ఎందుకు మొరగలేదో చెప్పాలి. చదివినప్పుడు మెచ్చుకున్నది సగమే, విప్పి చూసినప్పుడు చేతులెత్తి దణ్ణం పెట్టాను. పుస్తకంలో ఊరి పేరు లేదు, నేను కథని మా తణుకు కాలవగట్టు మీదికి తెచ్చాను. వారానికొక భాగం చొప్పున పేజీలు ఫొటోలు తీసి వదిన ఫోనుకి పంపడం. మొత్తం ఎనిమిది భాగాలు. ఎందుకు పంపుతున్నానో చెప్పలేదు. "గ్రూపు కోసం రాశాను, చూసి చెప్పు," అన్నానంతే.

మొదటి రెండు భాగాలకి 'బాగుందండి' అని మెసేజి వచ్చింది. మూడో భాగం పంపిన మర్నాడు పొద్దున్నే ఫోన్.

"ఏవండీ అమ్మాయిగారూ, తీరిగ్గా ఉన్నారా?"

"చెప్పు వదినా."

"ఆ గుమస్తా ఉన్నాడు చూశారూ, వాడు అబద్ధాలకోరండి."

నా కథలో గుమస్తా నోట్లో వేలు పెడితే కొరకలేని అమాయకుడు. శవాన్ని మొదట చూసినవాడు, అంతకు మించి వాడికి పని లేదు. "అదేంటి వదినా?" అన్నాను.

"మీరు రాసింది మే నెల కదండీ. ఉక్కకి తట్టుకోలేక మిల్లాయన తలుపు తీసి పెట్టుకున్నాడన్నారు. మరి ఈ గుమస్తా తెల్లారగట్ల రేవులో దిగి, గొంతుదాకా నీళ్ళల్లో నిలబడి స్నానం చేసొచ్చానంటాడేంటి? మే నెల్లో కాలవలో గొంతుదాకా నీళ్ళెక్కడివండీ? కట్టేస్తారు కదా!"

నిజమే. ఏప్రిల్లో కాలవలు కట్టేస్తే మళ్ళీ నీళ్ళొదిలేది జూన్‌లోనే. పూడిక తీసేదీ, లాకులు బాగుచేసేదీ ఆ నెలల్లోనే. అసలు పుస్తకంలో మే నెల ఉంది, కాలవ లేదు. కాలవ నేను పెట్టాను, నెల మార్చడం మర్చిపోయాను. ఎవరైనా చేస్తే పోనీలే అనుకోవచ్చు. ఏటా కాలవలు కట్టేసే నోటీసు టైపు చేసింది నేను! ముప్పై ఏళ్ళు! ఆ ఆఫీసులో ఎవరైనా ఈ కథ చదివితే తలెత్తుకోలేను.

"అదీ... వదినా..." అన్నాను.

"ఆగండాగండి, ఏమీ చెప్పకండి. కాలవల ఆఫీసులో చేసిన మనిషి ఊరికే రాస్తారేంటి? కావాలనే పెట్టారు. నేను ముడేశాను."

ముడేశానంది! నలభై ఏళ్ళ తర్వాత. అవతల గొంతులో పెరట్లో చేపలు తోమే రోజుల హుషారు. 'అయ్యో, అది నా పొరపాటు వదినా' అన్న మాట నా నాలుక చివరికొచ్చేసింది. నా సంగతి నాకు తెలుసు, ఇంకొక్క క్షణమైతే జారిపోయేది. పైటకొంగు నోట్లో కుక్కుకున్నాను, నిజంగానే. తర్వాత, "చదువుకో వదినా, నేనేం చెప్పను," అన్నాను.

"మీరు చెప్పరా?" అంది వదిన. "సరేనండి," అని పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం కూర్చుని నాలుగో భాగంనించి రాసి పెట్టుకున్నదంతా చింపేశాను. డాక్టర్ని వదిలేశాను. గుమస్తా తండ్రి అదే మిల్లులో మిషను బెల్టులో పడి చచ్చిపోయాడనీ, యజమాని అది దాచాడనీ పగ పెట్టాను. విషం సీసాని వాడు ఎండిపోయిన కాలవలో, వంతెన కింద తూటికాడల్లో దాస్తాడు. జూన్‌లో నీళ్ళొదిలిన రోజు ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తుండగా ఆ సీసా తేలుకుంటూ లాకుల దగ్గరికి వచ్చి ఆగుతుంది. రాస్తుంటే నాకే ఒళ్ళు జలదరించింది. డాక్టరు హంతకుడైన కథకంటే ఇది ఎంతో బాగుంది. వదిన చూపించకపోతే నాకు తట్టేదే కాదు. వారం వారం ఫోన్ చేసి, "గుమస్తాయే కదండీ?" అని గుచ్చేది. నేను ఉలకలేదు, పలకలేదు. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

చివరి భాగం ఫొటోలు పంపలేదు. నోట్‌బుక్ సంచిలో వేసుకుని తణుకు బస్సెక్కాను. భోజనాలయ్యాక వదిన కళ్ళజోడు పెట్టుకుని, ముందుగదిలో ఫ్యాను కింద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. నేను ఎదురుగా కూర్చుని కజ్జికాయల డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను. నోట్లో ఏదో ఒకటి ఉంటే మాట రాదని. నాలుగు తిన్నాను. సీసా తేలే చోట వదిన చదవడం ఆపి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. చివరి పేజీ అయ్యాక నోట్‌బుక్ మూసి ఒళ్ళో పెట్టుకుని నవ్వింది.

"చెప్పానా! గుమస్తాయేనని చెప్పానా లేదా!"

"చెప్పావు వదినా."

"రాసినావిడకంటే ముందే పట్టేశాను."

నేను అయిదో కజ్జికాయ తీసుకున్నాను.

సాయంత్రం బయల్దేరుతుంటే, మామిడికాయలు సర్దుతానని నా సంచి లోపలికి పట్టుకెళ్ళింది. నోట్‌బుక్ తన దగ్గరే ఉంచుకోమంటే, "వద్దులెండి, మా అమ్మాయి చదవాలట, మీ దగ్గరే తీసుకుంటుంది," అంది. గుమ్మం దాకా వచ్చి చెయ్యి ఊపింది. అంతే. నేను అనుకున్న మాట ఏదీ ఆవిడ అనలేదు, నేను చెప్పాల్సిన మాటా చెప్పలేదు. కనీసం చదివిందిలే అని సర్దిచెప్పుకుంటూ బస్సెక్కాను.

రావులపాలెం దాటాక, మామిడికాయలు నలుగుతున్నాయేమోనని సంచి సర్దుతుంటే నోట్‌బుక్ చేతికి తగిలింది. తెరిచాను. నేను ఖాళీగా వదిలిన మొదటి పేజీ మీద పెన్సిలుతో రాసి ఉంది.

'హంతకుడు గుమస్తాయే. మూడో భాగం దాకా మాత్రం కాదు.'

దాని కింద ఇంకా చిన్న అక్షరాలతో, 'నోరు మూసుకోవడం ఎప్పుడు నేర్చుకున్నావే? పిల్ల చదివేలోపు ఇది చెరిపెయ్. రబ్బరు నీ దగ్గరే ఉండాలిగా.'

బస్సులో అందరూ చూస్తుండగానే ఏడ్చాను. గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి నవ్వడం మొదలుపెట్టాను. పక్కసీటావిడ, "ఏంటండీ, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగితే, మొదటినించి చివరిదాకా మొత్తం కథ చెప్పేశాను, హంతకుడెవరో కూడా. మేనకోడలు వచ్చే ఆదివారం నోట్‌బుక్ కోసం వస్తానంది. కొత్త రబ్బరు కొన్నాను, టేబులు మీదే ఉంది. ఇంకా చెరపలేదు.